పడక గట్టున పని మానని ముళ్ళపంది

మద్దిగుట్ట అడవిలో ఎలుగుబంటి తీతువు పిట్ట గుడ్డును తొక్కేసింది. తగువంతా అక్కడే మొదలైంది.

ఎలుగుబంటికి గుడ్డు కనబడలేదు. కనబడదు కూడా. తీతువు గూడు కట్టదు. నేల మీద గులకరాళ్ళ మధ్య అచ్చం గులకరాళ్ళలాంటి గుడ్లే పెడుతుంది. ఈసారి సరిగ్గా కాలిబాట అంచున పెట్టింది. కుంటుకుంటూ వస్తున్న ఎలుగుబంటి అరికాలి కింద 'చిటుక్' మంది. అంతే.

ఎలుగుబంటి కుంటుతున్నది ముల్లు గుచ్చుకుని. వస్తున్నది ముళ్ళపంది సూరమ్మ ఇంటికి. అందుకే తప్పు సూరమ్మ గుమ్మం ముందుకు వచ్చి కూర్చుంది.

మద్దిగుట్టకు ఎగువన మెత్తటి మట్టి, బొరియలు, పొదలు ఉన్నాయి. దాన్ని పడక గట్టు అంటారు. కుందేళ్ళు, ఉడుతలు, నెమళ్ళు అక్కడ కాపురముంటాయి. సూరమ్మ బొరియా అక్కడే. దిగువన, ఎండలో, నున్నటి పెద్ద బండ ఒకటి ఉంది. అది సంత బండ. కోతులు పళ్ళు పెట్టుకునేదీ, కాకులు కబుర్లు అమ్ముకునేదీ అక్కడే.

సూరమ్మ ముళ్ళు తీస్తుంది. తన ఒంటి మీంచి రాలిన ముల్లుతో ఎదుటివారి కాలి ముల్లు తీస్తుంది. ముల్లును ముల్లుతోనే తీయాలని అందరూ అంటారు. తీసి చూపించింది సూరమ్మ ఒక్కతే. తుమ్మ ముల్లయితే నిటారుగా లాగేస్తుంది. రేగు ముల్లు వంకరది, అది ఎలా దిగిందో అలాగే వెనక్కి తిప్పుతుంది. నొప్పి పోయినవాళ్ళు ఒక దుంపో, ఒక వేరో ఇచ్చి పోతారు.

మునుపు ఆమెకు ఈ పని లేదు. మగడిని చిరుతపులి ఎత్తుకుపోయింది. అప్పటికి పిల్లలిద్దరూ పుట్టి కొద్దికాలమే అయింది. వాళ్ళ ఒంటి మీది ముళ్ళు ఇంకా వెంట్రుకల్లా మెత్తగా ఉన్నాయి. దుంపల కోసం దూరం పోతే, తిరిగి వచ్చేసరికి పిల్లలు ఉంటారన్న నమ్మకం లేదు. ఏడుస్తూ కూర్చుంటే దుంపలు నడిచి రావు. కాబట్టి దుంపలు నడిచి వచ్చే ఉపాయం ఆలోచించింది.

గుడ్డు పగిలిన చోట తీతువు గట్టు ఎగిరిపోయేలా అరుస్తోంది. సూరమ్మ వచ్చి చూసింది. తన తప్పేమీ లేదని అనలేదు.

"నా ఇంటికి వచ్చే కాలే తొక్కింది వదినా," అంది. "రేపటి నుంచి ఈ బాటన ఎవరూ రారు. వాగు వైపు నుంచి రమ్మంటాను. ఎలుగన్నలాంటి బరువైనవాళ్ళయితే ముందు కబురు పెట్టాలి. నేనే ఎదురెళ్ళి, నేల చూసుకుంటూ నడిపించుకొస్తాను."

"మరి పోయిన గుడ్డు?"

"అది తేలేను. మిగిలినవాటి మీద మాత్రం ఒక కన్ను వేసి ఉంచుతాను."

తీతువు చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తరువాత ముక్కుతో రాళ్ళు సర్దుకుని, మిగిలిన గుడ్ల మీద కూర్చుంది. ఏడుపు ఆగలేదు కానీ, అరుపు ఆగింది.

నిజానికి కథ ఇక్కడితో అయిపోవాలి. అయిపోనివ్వనివాడు ఒకడున్నాడు. నెమలి పింఛయ్య.

పడక గట్టు పెద్దరికం తనదేనని పింఛయ్య నమ్మకం. ఆ పెద్దరికం ఎవరిచ్చారని అడిగితే తోక విప్పి చూపించేవాడు. గుడ్డు సంగతి వినగానే అడవి పెద్ద అయిన దున్న తాత దగ్గరకు పరుగెత్తాడు. సభ పెట్టించాడు.

"తాతా, ఇది కాపురాల గట్టు," అన్నాడు పింఛయ్య, మెడ నిక్కించి. "ఇక్కడ పడుకోవాలి. పిల్లలను పెంచుకోవాలి. వ్యాపారం చేసుకోవాలంటే సంత బండ ఉంది. పొద్దున్నే కళ్ళు తెరిస్తే మాకు ఏం కనిపిస్తోంది? ఎలుగుబంటి వీపు! కాసేపు కునుకు తీద్దామంటే ఏం వినిపిస్తోంది? జింక పెడబొబ్బలు!"

కొందరు అవునవునన్నారు. అందులో అబద్ధం లేదు. ముల్లు కదిలితే చాలు, జింక నిజంగానే గట్టు అదిరేలా అరిచేది.

సూరమ్మ లేచింది. "అరుపు మాట నిజమే. ఇకమీదట నోట్లో కొమ్మ పెట్టి కరవమంటాను. మధ్యాహ్నం అందరూ పడుకునే వేళ, అప్పుడు ఎవరినీ రానివ్వను. బాట నిన్ననే మార్చాను. ఇంకేం నష్టముందో చెప్పండి. అదీ సరిచేస్తాను."

పింఛయ్య తడబడ్డాడు. ఫిర్యాదులు ఇంత తొందరగా అయిపోతాయని ఆయన అనుకోలేదు.

"నష్టం సంగతి కాదమ్మా ఇది. పరువు సంగతి! మంచి గట్టు మీద పనులేమిటి, అసహ్యంగా?"

"మీరు రోజూ పొద్దున్నే గట్టు నడుమ ఆడతారు కదా పింఛయ్య గారూ. చూడ్డానికి సగం అడవి వస్తుంది. వాళ్ళవి కాళ్ళు కావా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"అది నాట్యం! పని కాదు."

"చూసినవాళ్ళు మీకు గింజలు తెచ్చిపెడతారుగా?"

"అది అభిమానం!"

"ముల్లు పోయినవాళ్ళకు నా మీద ఉన్నదీ అదే. కాకపోతే దుంపల రూపంలో ఇస్తారు."

ఈసారి నవ్వు ముందు వరుసలోంచే వచ్చింది. పింఛయ్య మెడ ఈకలు లేచాయి.

"ఎక్కువ మాట్లాడకు. సంత బండ మీద చేసుకోమంటే నీకేం నొప్పి?"

"బండ మీద నీడ లేదు. పైన డేగ తిరుగుతుంది. నా పిల్లలను ఎక్కడ పెట్టుకోను?"

"ఇంట్లో వదిలి రా."

"ఎవరికి వదిలి రాను?"

"అది నీ ఇంటి సంగతి. మాకెందుకు?"

"నేనూ అదే అంటున్నాను. నా ఇంటి సంగతి మీకెందుకు?"

దున్న తాత కొమ్ము ఊపాడు. ఆయన కళ్ళు మూసుకుని నెమరు వేయడం మొదలుపెట్టాడు. తిన్నది మళ్ళీ నములుతున్నప్పుడే తాత ఆలోచిస్తాడని అడవిలో అందరికీ తెలుసు. ఆ రోజు గడ్డి మరీ లేతదేమో, ఆలోచన తొందరగా అయిపోయింది.

"పడక గట్టున పడకే," అన్నాడు. "పని ఏదైనా సంత బండ మీదే. మాట తప్పినవాళ్ళ బొరియకు రాయి అడ్డం పెట్టిస్తాను. ఒప్పుకున్నవాళ్ళు తల ఊపండి."

ఉడుత తల ఊపింది. ఇంట్లో కూర్చుని చింతగింజలు ఒలిచి, పళ్ళు లేని ముసలి జంతువులకు ఇచ్చి బతికే ఉడుత. కుందేలు తల ఊపింది. గడ్డి మెత్తగా కొరికి, బాలింతలకు పక్కలు సర్దిపెట్టి బతికే కుందేలు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ ఊపారు. ఆ కట్టుబాటు సూరమ్మకు మాత్రమేనని ఎవరికి వారు అనుకున్నారు. తాము చేసేది పని అని వాళ్ళకెప్పుడూ తోచలేదు.

తీతువు మాత్రం ఊపలేదు. ఒంటికాలి మీద నిలబడి నేల చూసింది.

"విన్నావుగా సూరమ్మా?" అన్నాడు పింఛయ్య.

"విన్నాను. నేను ఆపను."

సభ ఉలిక్కిపడింది. దున్న తాత నెమరు ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"ఆపనన్నాను తాతా. బాట తప్పన్నారు, మార్చాను. అరుపు తప్పన్నారు, ఆపుతానన్నాను. నా పిల్లలు తినడమే తప్పంటే, దానికి నా దగ్గర దిద్దుబాటు లేదు. రాయి తెచ్చుకోండి."

ముళ్ళు నిక్కబొడుచుకుని, సభ మధ్య నుంచే నడిచి ఇంటికి పోయింది. దారి ఇవ్వమని అడగలేదు. అందరూ వాళ్ళంతట వాళ్ళే జరిగారు.

మరునాడు పొద్దున్నే పింఛయ్య గట్టంతా తిరగడం మొదలుపెట్టాడు.

"ఉడుతమ్మా, ఏమిటా ఒలవడం?"

"ఊరికే పింఛయ్య గారూ. ఊసుపోక."

"ఊసుపోక ఒలిచిన గింజలు ఎవరికిస్తున్నావ్?"

ఉడుత నోట్లో గింజ ఉండిపోయింది.

"అది పనే. బండ మీదకు నడు."

కుందేలు వంతు వచ్చింది. "నేను మీ వైపే తల ఊపాను కదండీ!" అంది కుందేలు.

"ఊపావు. అందుకే నీకు కట్టుబాటు బాగా తెలిసుండాలి. నడు."

ఇలా ఒకరి తరువాత ఒకరు గట్టు దిగారు. తల ఊపిన మెడలే గింజలూ గడ్డీ మోసుకుంటూ పోయాయి. నాట్యం మాత్రం పని కాదు కనుక పింఛయ్య గట్టు మీదే ఆడుకున్నాడు. అయితే చూసేవాళ్ళంతా బండ మీదే ఉంటున్నారు. నాలుగు గంతులు వేసి ఆయన కూడా దిగిపోయేవాడు. ఎవరూ చూడని పింఛం విప్పడం ఆయన వల్ల కాలేదు.

సూరమ్మ ఇంటికి మాత్రం వాగు వైపు నుంచి కాళ్ళు వస్తూనే ఉన్నాయి. ముల్లు గుచ్చుకున్న కాలికి కట్టుబాట్లు తెలియవు. జింక కొమ్మ కరిచి ఊపిరి బిగబట్టేది. తీయడం అయ్యాక, "అక్కా, అరవకపోతే నొప్పి ఇంకా ఎక్కువగా ఉంది," అని గొణిగేది.

"నీ నొప్పి నీది, పక్కింటివాళ్ళ నిద్ర వాళ్ళది. తరువాత ఎవరు?" అనేది సూరమ్మ.

ఒకరోజు అడవిపంది పెద్ద రాయిని ముట్టెతో దొర్లించుకుంటూ వచ్చింది. పింఛయ్య దూరంగా కొమ్మ మీద నిలబడి చూస్తున్నాడు.

"జరుగక్కా," అంది అడవిపంది, రొప్పుతూ. "తాత ఆజ్ఞ. రాయి పెట్టాలి."

"ఆజ్ఞ తాతది తమ్ముడూ, ఇల్లు నాది. లోపల పిల్లలున్నారు. పెట్టాలంటే నన్ను దాటి పెట్టు."

అని సూరమ్మ వీపు తిప్పింది. ముళ్ళపంది వీపు తిప్పితే పారిపోతోందని అర్థం కాదు. ముళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. తోక గలగలా మోగింది.

అడవిపంది ఆ ముళ్ళ వైపు చూసింది. తన ముట్టె వైపు చూసుకుంది.

"మెత్తటి ముట్టె తమ్ముడూ నీది," అంది సూరమ్మ, వెనక్కి తిరక్కుండానే. "గుచ్చుకుంటే తీయాల్సిందీ నేనే. కానీ ఇక్కడ తీయకూడదట. బండ దాకా నడవాలి మరి."

అడవిపందికి నవ్వు ఆగలేదు. "రాయి మరీ బరువుగా ఉందని చెప్తాలే అక్కా," అంటూ దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. సాయంత్రం సూరమ్మ పిల్లలిద్దరూ ఆ రాయెక్కి దూకుతూ ఆడుకున్నారు.

ఇప్పుడు గట్టు మీద పగలు అలికిడి లేదు. పింఛయ్య కోరుకున్న ప్రశాంతత వచ్చింది. ఆ ప్రశాంతతను అందరికన్నా ముందు మెచ్చుకున్నది ఉడుము.

ఉడుముకు గుడ్లంటే ప్రాణం. కాలి చప్పుడంటే భయం. ఇన్నాళ్ళూ గట్టు మీద ఎవరో ఒకరు తిరుగుతూ ఉండేవారు. గింజల కోసం ఒకరు, పక్కల కోసం ఒకరు. ఉడుము పొదలోంచి తల బయట పెట్టేది కాదు. ఇప్పుడు పెట్టింది. నాలుక చాపి గాలి వాసన చూసింది. ఏ చప్పుడూ లేదు.

ముందు తీతువు గుడ్ల వైపు పాకింది. అక్కడికి సూరమ్మ గుమ్మం కనిపిస్తుంది. గుమ్మంలో జింక నిలబడి ఉంది. దాని వెనక ముంగిస తన వంతు కోసం చూస్తోంది. వాగు వైపు నుంచి మరేవో అడుగులు వినిపిస్తున్నాయి. ఉడుము ఆగింది. ఈ కొస పనికిరాదనుకుని, గట్టు అవతలి కొసకు మళ్ళింది.

అవతలి కొసన, పొద కింద, పింఛయ్య భార్య ఆడనెమలి పెట్టిన గుడ్లున్నాయి. ఆమె నీళ్ళు తాగి రావడానికి వాగుకు వెళ్ళింది. ఎప్పుడూ వెళ్ళేదే. ఇరుగున కుందేలు, పొరుగున ఉడుత ఉంటారన్న ధైర్యంతో వెళ్ళేది. ఇరుగూ పొరుగూ ఇప్పుడు సంత బండ మీద ఉన్నారన్నది ఆమెకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

తీతువు చూసింది. గొంతు చించుకుని అరిచింది. గట్టు మీద ఆ అరుపు వినడానికి సూరమ్మ వాకిట్లోవాళ్ళు తప్ప ఎవరూ లేరు. సూరమ్మ విన్నది. చేతిలోని ముల్లు వదిలేసి, ముళ్ళు గలగలలాడుతుంటే అవతలి కొసకు పరుగెత్తింది. ఆమె వెంట జింక, ముంగిస పరుగెత్తాయి. ముంగిసను చూసి ఉడుము పొదలోకి దూరింది. కానీ అప్పటికి పెంకులే మిగిలాయి.

ఆ సాయంత్రం దున్న తాత మళ్ళీ సభ పెట్టాడు.

"నేను చూశాను," అంది తీతువు. "ఉడుము ముందు నా గుడ్ల దగ్గరకే వచ్చింది. సూరమ్మ వదిన వాకిట్లో నిండుగా జనం ఉంటే చూసి భయపడి పోయింది. వదిన పని వల్ల నా గుడ్డు ఒకటి పోయిన మాట నిజం. వదిన పని వల్లే మిగిలినవి దక్కిన మాటా నిజం. రెండూ చెప్పాలి కదా."

పింఛయ్య తల దించుకుని ఉన్నాడు. అయినా అలవాటు పోలేదు. "నష్టం జరిగింది, ఒప్పుకుంటాను. మరి గట్టు పరువు..." అన్నాడు.

ఆడనెమలి ఆయన వైపు తిరిగింది.

"పొద కింద చోటు ఖాళీగానే ఉంది. వెళ్ళి ఆ పరువు మీద కూర్చుని పొదగండి. ఏం పిల్లలు పుడతాయో చూద్దాం."

పింఛయ్య తోక ముడుచుకున్నాడు. ఆ తోక అంత చిన్నగా ముడుచుకోగలదని అడవికి ఆ రోజే తెలిసింది.

దున్న తాత గొంతు సవరించుకున్నాడు. "సూరమ్మా, నీకు చిన్నపిల్లలున్నారు. పాపం. నీ ఒక్కదానికి మినహాయింపు ఇస్తున్నాను. ఇంట్లోనే పని చేసుకో."

ఇంకెవరైనా అయితే దండం పెట్టేవారు. సూరమ్మ పెట్టలేదు.

"పాపం వద్దు తాతా, మినహాయింపూ వద్దు. ఈ రోజు జాలితో ఇచ్చింది రేపు కోపంతో లాక్కుంటారు. అయినా ఉడుతకూ కుందేలుకూ లేనిది నాకొక్కదానికెందుకు?"

"వాళ్ళు నీకు వ్యతిరేకంగా తల ఊపారు కదా!"

"ఊపారు. వాళ్ళ తల, వాళ్ళ ఇష్టం. కానీ గట్టు ఖాళీ అయితే మునిగేది అందరం. నన్ను వదిలేయడం కాదు, ఆ కట్టుబాటును తీసేయండి. ఎవరి పని వల్ల ఎవరికి నష్టమో వాళ్ళు వచ్చి ముఖం మీద చెప్పాలి. పని చేసేవాళ్ళు సరిచేసుకోవాలి. చేసుకోకపోతే అప్పుడు రాయి తెండి. నా గుమ్మానికైనా సరే, నేనే జరిగి దారి ఇస్తాను."

ఉడుత, కుందేలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నేల చూశారు.

దున్న తాత కళ్ళు మూసుకున్నాడు. ఈసారి నెమరు చాలాసేపు సాగింది. పొద్దు గుంకింది. పిల్లజంతువులు ఆవులించాయి. సూరమ్మ కూర్చోలేదు, అలాగే నిలబడి ఉంది. చివరికి తాత కళ్ళు తెరిచాడు.

"తీసేశాను," అన్నాడు. "ముల్లయినా మాటయినా సగంలో వదిలే రకం కాదు ఈమె."

మరునాటి నుంచి గట్టు మీద మళ్ళీ గింజలు ఒలిచే చప్పుడు వినిపించింది. ఉడుము తన పొదలోకి తాను పోయింది. తీతువు పిల్లలు గులకరాళ్ళ మధ్య పరుగులు పెట్టాయి.

కాలం గడిచింది. సూరమ్మ పిల్లల ముళ్ళు గట్టిపడ్డాయి. ఆమె దుంపలు తవ్వడానికి వెళ్ళగలిగినా, ముళ్ళు తీసే పని మానలేదు. అప్పుడు ఒక వడ్రంగి పిట్ట వచ్చి, సరిగ్గా ఆమె ఇంటి ముందున్న మద్దిమాను మీద దిగింది. చిలుకలకు తొర్రలు తొలిచి ఇవ్వడం దాని పని. టకటక, టకటక. అదీ మధ్యాహ్నం, సూరమ్మ కన్ను మూతపడే వేళకు.

పింఛయ్య మెల్లగా వచ్చాడు. "ఏం చప్పుడమ్మా ఇది! నీ మాటకు ఇప్పుడు సభలో విలువుంది. ఒక్క మాట అను, ఇలాంటివాళ్ళను గట్టు ఎక్కకుండా చేద్దాం," అన్నాడు తీయగా.

సూరమ్మకు నిద్ర లేదు. తల పగిలిపోతోంది. ఆ మాట అనాలని ఆమెకు అనిపించలేదంటే అబద్ధమే అవుతుంది.

"చెవి నాది, నష్టం నాది. నేనే వెళ్ళి చెప్పుకుంటాను. మీరు పదండి," అంది.

చెట్టు కిందకు వెళ్ళి పైకి చూసింది. "అన్నా, మధ్యాహ్నం కాస్త ఆపు. నాకు నిద్ర వేళ."

"చిలుకమ్మకు గుడ్లు పెట్టే వేళైందక్కా. తొర్ర తొందరగా కావాలట," అంది వడ్రంగి పిట్ట. కాసేపు ఆలోచించింది. "సరే, ఎండ నడినెత్తిన ఉన్నంతసేపు ఆపుతాను. ఎండ వాలాక కొడతాను. సరేనా?"

"సరే."

వడ్రంగి పిట్ట మాట మీద నిలబడింది. కాకపోతే దానికి ఎండ కాస్త తొందరగా వాలేది. సూరమ్మ నిద్ర చాలా రోజులు సగంలోనే చెదిరింది. లేచి, ఇంకాసేపు ఆగమని మళ్ళీ చెప్పి వచ్చేది. అది మళ్ళీ ఆగేది.

ఇంకొకరి పని ఆపించడానికి తాను సభ గడప తొక్కనని సూరమ్మ నిశ్చయించుకుంది. బతికినన్నాళ్ళూ తొక్కలేదు.

నీతి: పొరుగువారి పని వల్ల నష్టముంటే ఆ నష్టాన్ని ఆపమని అడగాలి, ఆ పనిని కాదు.